నీళ్లకూ డైసేనా

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఆట ఎనిమిదికి ముగిసింది. అందరూ వెళ్లిపోయాక చాప మీద బొరుగులు, ఉల్లిపాయ ముక్కలు మిగిలాయి. బీరువా కిందికి దొర్లిపోయిన ఇరవై ముఖాల డైస్ కోసం వంగి చూశాను. సాయంత్రమంతా ఎవరికీ పడని ఇరవై, అక్కడ చీకట్లో పడి ఉంది.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్: తలా ఒక పాత్ర కట్టి, ఏం చేస్తామో చెప్పి, అది అవుతుందో లేదో డైస్ వేసి తేల్చుకునే కథల ఆట. కథ నడిపేది నేను. ఈసారి కోట పోలికలన్నీ చంద్రగిరివే. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదంటారు కదా, అందుకే నా కోటలో రహస్య ద్వారం కూడా చెక్కతో కాకుండా నేలలో కలిసిపోయిన రాతి పలకగా పెట్టాను. ఇంత ముచ్చటపడి కట్టుకున్న కోటలో ఈరోజు రెండు తప్పులు చేశాను.

మా బావకు బట్టల కొట్టుంది. తెల్లారి లేస్తే బేరాలే. ఆటలో మాత్రం ఆయన గొడ్డలి పట్టుకున్న మొరటు యోధుడు, కరిష్మా, అంటే మాటతో మెప్పించే బలం, మైనస్ ఒకటి; డైస్‌లో పడినదాంట్లోంచి ఒకటి తీసేయాలి. వాకిలి దగ్గర కాపలావాణ్ణి పట్టుకుని "కూతురి పెళ్లికి ఎంత అప్పు చేసినావు? ఈ జీతంతో ఎప్పటికి తీరుస్తావు?" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు వాయించాడు. నవ్వలేక చచ్చాం. "సరే, గేటు తీశాడు పో" అన్నాను. డైస్ వేయించనేలేదు. కాపలావాడు లొంగాలంటే కనీసం రావాలని నేను రాసుకున్న అంకె 15. అంటే ఆయనకు 16 లేదా పైన పడాలి. వందకు పాతిక పాళ్లు.

లోపలి వాకిలి దగ్గర ఇంకో కాపలావాడు. ఈసారి మా తమ్ముడి స్నేహితుడు ముందుకొచ్చాడు. బీటెక్ పిల్లోడు, నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పడతాయి. ఆటలో వాడిది మాటలతో మాయచేసే గాయకుడి పాత్ర, ఒప్పించే నేర్పు ప్లస్ ఏడు. "ఇతన్ని నేను ఒప్పిస్తానన్నా" అన్నాడు.

"ఏమని? చెప్పు, వింటాం."

పెన్సిల్ కొస గిల్లుతూ కూర్చున్నాడు. "అంటే... లోపలికి వదలమని..."

బావ కిసుక్కున నవ్వాడు. నేను 15ను 20 చేశాను. వాడికి 9 పడింది, ఏడు కలిపితే 16. మొదటి అంకె మార్చకుండా ఉంటే గెలిచేవాడు.

వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ మెల్లగా అన్నాడు: "బావ గోడెక్కాలంటే డైస్ ఎక్కింది. నేను మాట్లాడాలంటే నన్నే ఎక్కమన్నావేందన్నా?"

ఈ మాటకారితనం ఆ కాపలావాడి ముందు చూపించి ఉండొచ్చుగా అనుకుని, వెంటనే సిగ్గుపడ్డాను. గంగ జాతరలో బైరాగి వేషం కట్టినవాణ్ణి "నిజంగా సన్యాసం తీసుకున్నావా?" అని మన ఊళ్లో ఎవరూ అడగరు. వీడు కట్టింది మాటకారి వేషం.

రెండో తప్పు దీనికి సరిగ్గా తిరగేసింది. రాతి పలక ఉన్న గదిలోకి వచ్చారు. పైవాటా అక్క కాసేపు ఆలోచించి, "బావి నుంచి బిందెడు నీళ్లు తెచ్చి నేలంతా పోస్తాను. యాడ ఇంకితే ఆడ సందున్నట్టే కదా" అంది. నాకు ఒళ్లు పులకరించింది. అయినా అలవాటు కొద్దీ నోరు జారాను: "పర్సెప్షన్ వెయ్యక్కా." అంటే కంటికి ఆనుతుందో లేదో డైస్ వేసి చూడమని. 4 పడింది. "ఏమీ కనబడలేదు" అన్నాను.

"నీళ్లకు కూడా డైస్ వేయాల్నా?" అంది. తర్వాత గంటసేపు తన వంతు వస్తే డైస్ వేయడం తప్ప ఏమీ చెప్పలేదు.

నోటితో చెప్పి తేల్చాలా, డైస్ వేసి తేల్చాలా అనే ఈ తగువు ఆట పుట్టిన కొత్తలోదే. 1974లో వచ్చిన మొదటి పుస్తకాల్లో ఇప్పటిలాంటి స్కిల్ లిస్టు లేదు. ఏం చేస్తారో నోటితో చెప్పేవాళ్లు, నడిపేవాడు తేల్చేవాడు. 1975లో గ్రేహాక్ అనే అనుబంధంతో దొంగ పాత్ర వచ్చింది, తాళం తీయడానికి ఇన్ని శాతం అని లెక్కతో సహా. ఆ లెక్క దొంగ పేరున రాశాక మిగతావాళ్లు తాళం వైపు చూడటమే మానేశారని పాతకాపుల గొణుగుడు. వాళ్లు మా అక్క మొహం చూసి ఉంటే ఇంకా గొణిగేవాళ్లు. కానీ అన్నీ నోటితోనే తేలాలంటే ప్రతి వారం బావే గెలుస్తాడు, నాకది బాగా తెలుసు.

పిల్లోణ్ణి ఉపన్యాసం అడక్కుండా "వాడికి ఏం ఆశ చూపిస్తావు?" అని అడిగితే సరిపోయేది. లంచమనో, సెలవనో ఒక ముక్క చెప్పేవాడు. తీయగా చెప్పడం ఆ ప్లస్ ఏడు చూసుకునేది. బావ అప్పు సంగతి ఎత్తినందుకు రెండు డైస్ వేసి పెద్దది తీసుకోమంటే వందకు దాదాపు 44 పాళ్లు దక్కేవి. మైనస్ ఒకటి మొరటోడికి అది చాలు.

చాప చుట్టి, నేల తుడుద్దామని బకెట్ వంచాను. నీళ్లు గడప పక్కన బండల సందులోకి చప్పుడు లేకుండా దిగిపోయాయి.

పిల్లోడికి ఏమని మెసేజ్ పెట్టాలో ఇంకా తేలలేదు. అక్కకు మాత్రం పెట్టాను: "ఆ గదిలో ఈశాన్యం మూల నీళ్లు ఇంకాయక్కా."

ఇంకా పడుకోలేదేమో, వెంటనే జవాబొచ్చింది: "ఇంకక యాడికి పోతాయి? నా సంచిలో పలుగుంది, నా పాత్ర షీట్ చూసుకో."