స్కౌట్లకు నిప్పు రాజేయడం ఎవరు నేర్పాలి?

1960ల నాటి అమెరికన్ కుటుంబ సినిమాల్లో ఒక్క స్కౌట్ మాస్టరే పిల్లల్నందరినీ వెంటేసుకుని అడవికి పోతాడు. ఇప్పుడక్కడ అది కుదరదు. 21 ఏళ్లు నిండి, పేరు నమోదైన పెద్దవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఒకే టెంట్‌లో పడుకునే పిల్లలకు వయసు తేడా రెండేళ్లు మించకూడదు. 2019 నుంచి ట్రూపుల్లో, అంటే స్కౌట్ దళాల్లో, ఆడపిల్లలూ ఉన్నారు. అన్నీ మంచి మార్పులే.

నా బెంగంతా మంట దగ్గరే. ఇంట్లో పొయ్యి రాజేసే పనే ఎరగని పిల్లలు లావు కట్టెలు ఇరికించి పేర్చి అగ్గిపుల్ల గీస్తారు. గాలాడక పొగే మిగులుతుంది. ముందు రెండు గుప్పెళ్ల ఎండు బెరడు పీచు, దాని చుట్టూ పెన్సిల్ లావు పుల్లలు సందులొదిలి గుడిసెలా నిలబెట్టాలి. గాలి వచ్చే వైపు నుంచి అంటించాలి. అవి బాగా రాజుకున్నాకే బొటనవేలి లావు కట్టెలు. పెద్దవాళ్లు మధ్యలో చెయ్యి పెట్టకుండా, పిల్లలు కూలిపోయినదాన్ని మళ్లీ పేర్చుకునేదాకా ఆగాలి. వాన పడ్డాక ఏరిన పుల్లల్ని విరిచి చూపించండి: టప్‌మని విరగకుండా వంగితే అది ఇంకా తడిగానే ఉన్నట్టు.