అమ్మ ఆవకాయ, 216 పాయింట్లు

తొంభైలలో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో ఆరేళ్లు పనిచేశాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ సావనీర్లు. మ్యాటర్ కొట్టడం, సెలెక్ట్ చేయడం, జస్టిఫై నొక్కడం. రెండు అంచులూ గోడ కట్టినట్టు వచ్చేవి. లోపల ఏమి జరుగుతోందో ఒక్కరోజూ ఆలోచించలేదు. పోస్ట్‌స్క్రిప్ట్ అంటే ప్రింటర్ ధర పెంచే మాట అని మాత్రం తెలుసు.

ఈ వేసవిలో అమ్మ ఫోనులో ఆవకాయ కొలతలు చెబితే రాసుకున్నాను, పిల్లలకూ మేనకోడళ్లకూ తలా ఒక కాగితం ఇద్దామని. మామూలుగా చేస్తే పది నిమిషాల పని. తీరిక దొరికిన మనిషికి పది నిమిషాల పని నచ్చదు కదా, పేజీ ఎలా వేయాలో ప్రింటర్‌కు చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్‌లో నేరుగా చేత్తో రాయడానికి కూర్చున్నాను. ఆ భాషను కంప్యూటర్లోనే నడిపే ఘోస్ట్‌స్క్రిప్ట్ ఉంటే ప్రింటర్ కూడా అక్కర్లేదు, ఫలితం తెర మీదే కనిపిస్తుంది.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ పెట్టి తయారుచేసిన భాష పోస్ట్‌స్క్రిప్ట్. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌తో జనంలోకి వచ్చింది. అంగుళానికి 72 పాయింట్లు. లెక్క మొదలయ్యేది పేజీ ఎడమవైపు కింది మూల నుంచి, అది కాస్త చికాకే. కానీ క్రియ చివర రావడం మాత్రం సొంత ఊరి మాటలా అనిపించింది. '72 700 మూవ్‌టు' అంటే '72, 700 దగ్గరికి వెళ్లు' అని. ముందు సరుకులు, తర్వాత పని. అమ్మ వంట చెప్పే వరస కూడా అదే.

నా కాలమ్ వెడల్పు మూడు అంగుళాలు, అంటే 216 పాయింట్లు. పట్టినన్ని మాటలు లైనులో వేసుకుంటూ పోవాలి. ఆ లైను సహజంగా ఎంత పొడవో స్ట్రింగ్‌విడ్త్ అనే ఆజ్ఞ చెబుతుంది. 189 వచ్చిందనుకోండి, 27 మిగిలింది. నాలుగు మాటల మధ్య మూడు ఖాళీలు, ఒక్కోదానికి 9. ఆ 9నీ, ఖాళీకి కంప్యూటర్లో ఉండే నంబరు 32నీ విడ్త్‌షో అనే ఆజ్ఞకు అందిస్తే, 32 తగిలిన ప్రతిచోటా అది 9 పాయింట్లు అదనంగా జరుగుతుంది. ఆరేళ్లు నేను నొక్కిన బటన్ వెనక ఉన్నది ప్రధానంగా ఒక తీసివేత, ఒక భాగహారం!

మొదటిసారి నడిపితే మాటలు పక్క కాలమ్ మీదికి వెళ్లి పడ్డాయి. స్ట్రింగ్‌విడ్త్ ఒకటి కాదు, రెండు సంఖ్యలు ఇస్తుంది: అడ్డం, నిలువు. నిలువు సున్నాను పాప్ అనే ఆజ్ఞతో తీసేయడం మరిచాను. తీసివేత చివరి రెండు సంఖ్యలనే అందుకుంటుంది. దాంతో 216 లోంచి 189 తీసివేయాల్సింది, 189 లోంచి సున్నా తీసివేసింది. ఒక్కో ఖాళీకి 63 పాయింట్లు! అది దిద్దుకున్నాక మొదటి పేరా చివర ఆగిపోయింది. ఆ ఆఖరి లైనులో ఉన్నది 'కలపాలి' అనే ఒక్క మాట. ఖాళీలు సున్నా, సున్నాతో భాగించమన్నాను. ఆఖరి లైనును సాగదీయకూడదని డీటీపీ చేసినవాడికి ఒక యంత్రం గుర్తుచేయాల్సి వచ్చింది.

అసలు తంటా తెలుగుది. 'ఎండబెట్టుకున్నాక', 'కలిపిపెట్టుకోవాలి' లాంటి మాటలు రెండు పడితే లైను అయిపోతుంది, మూడోది పట్టదు. మిగిలిన 40 పాయింట్లూ ఒక్క ఖాళీలోనే పోయాలి. చూడటానికి ముందు పళ్లు ఊడిన నోరులా ఉంది. ఆ మిగులును అక్షరాలన్నిటి మధ్యా పంచే ఆషో అనే ఆజ్ఞ ఉంది, ప్రయత్నించాను. నేను వాడింది డీటీపీ రోజుల నాటి ఫాంటు, అందులో వత్తులకు వేరే నంబర్లు. ఆషోకు క, దాని కింది వత్తు రెండు వేర్వేరు అక్షరాలే. 'ముక్కలు'లో వత్తు తన అక్షరం కింద నుంచి కుడివైపుకు జారిపోయింది. ఇంగ్లీషులోనూ నాకు ఆ పద్ధతి నచ్చదు, తెలుగులో మాత్రం అది నేరమే.

చివరికి మా సెంటర్లో చేసినట్టే మాటలు విరిచాను. 'కలిపి' పైన, 'పెట్టుకోవాలి' కింద. ఎక్కడ విరవవచ్చో ప్రతి మాటలో నేనే గుర్తులు పెట్టుకున్నాను, వత్తు మాత్రం తన అక్షరాన్ని వదిలి కింది లైనుకు పోకుండా.

ఒక్క లైను మాత్రం లొంగలేదు. అప్పుడు పాత అలవాటు చెయ్యి చాచింది: లైను నిండకపోతే ఒక మాట ఇరికించడం. 'ఉప్పు' ముందు 'మెత్తని' చేర్చాను. అంచు చక్కగా కుదిరింది. కాగితం ఫొటో తీసి అమ్మకు పంపాను.

అరగంటలో ఫోను.

"ఉప్పు మెత్తనిదని నేనెప్పుడు చెప్పానురా? కల్లుప్పు ఎండబెట్టి దంచమన్నాను. ఇది చూసి పిల్లలు ప్యాకెట్ ఉప్పు పోసేస్తారు."

"లైను నిండలేదమ్మా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

'మెత్తని' తీసి 'దంచిన' పెట్టాను. రెండు పాయింట్ల తేడా వచ్చింది. విడ్త్‌షో సర్దుకుంది.