ముంబయిలో స్నేహితుల ఇంటికి మొదటిసారి వెళ్తుంటే

అడ్రసు తీసుకునేటప్పుడు ముందు అడగాల్సింది: ఇల్లు అంధేరీలో అయితే, ఈస్టా, వెస్టా? అంటే రైలు పట్టాలకు ఏ వైపని. తప్పు వైపు దిగితే ఆటో ఎక్కకండి, చుట్టు తిరగాలి. స్టేషన్ వంతెన మీదుగా నడిచి దాటడమే నయం.

హైదరాబాద్ రైలు దాదర్‌లో ఆగితే అక్కడే దిగి, అంధేరీ వైపు లోకల్ రైళ్లు నడిచే వెస్టర్న్ లైన్‌కు మారండి. బోర్డు మీద ఎస్ అంటే స్లో, ఎఫ్ అంటే ఫాస్ట్; ఫాస్ట్ చిన్న స్టేషన్లలో ఆగదు. సాయంత్రం చర్చిగేట్ నుంచి అంధేరీకి ఇంకా చాలా దూరం పోయే విరార్ ఫాస్ట్ మాత్రం వద్దే వద్దు. అక్కడ ఆగినా, దూరం వెళ్లేవాళ్లు తలుపు దగ్గర గోడ కట్టినట్టు నిలబడతారు; దిగడం మీ తరం కాదు. అంధేరీ లోకలో బోరివలి లోకలో చూసుకోండి.

ఊరు చూపించడానికి మీ స్నేహితులు సెలవు పెడతామంటే సోమవారం వద్దనండి. ఎలిఫెంటా గుహలు ఆరోజు మూసేస్తారు.