హార్స్‌లీ కొండ లైకెన్: నాలుగో పరీక్ష తర్వాత కూడా జాతి తేలలేదు

నిన్న రాత్రి నాలుగోసారి చేసిన పొటాష్ పరీక్ష (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి రంగు మార్పు చూడటం) కూడా తేల్చి చెప్పలేదు. హార్స్‌లీ కొండ మీది బండ నుంచి తెచ్చిన ఈ పసుపుపచ్చ లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) జాంథోపార్మీలియా ప్రజాతిదేనన్న విషయంలో నాకు సందేహం లేదు. పైన ఇసిడియాలనే పుల్లల్లాంటి చిన్న మొలకలు ఉన్నాయి, అడుగు లేత గోధుమరంగు. దవ్వలో, అంటే లోపలి పొరలో, ఉన్నది సలాజినిక్ ఆమ్లమైతే ఇది మెక్సికానా జాతి, స్టిక్టిక్ ఆమ్లమైతే ప్లిట్టియై జాతి. కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

మొదటిసారి వాడిన ఆరు నెలల నాటి ద్రావణం లేత పసుపు దగ్గరే ఆగిపోయింది. పొటాష్ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి కార్బొనేటుగా మారుతుంది కనుక ఆ ఫలితాన్ని కొట్టివేశాను. రెండోసారి 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాములు కొత్తగా కలిపితే ఐదు సెకన్లలో పసుపు, నలభై సెకన్లకు నారింజ, రెండు నిమిషాలకు ఇటుకరంగు వచ్చాయి. సలాజినిక్ అయితే రావలసిన నెత్తుటి ఎరుపు రాలేదు. బల్బు వెలుతురులో నారింజకూ ఎరుపుకూ తేడా నమ్మలేమని మూడోసారి పగటి వెలుతురులో చేసినా అదే ఇటుకరంగు. నాలుగోసారి దవ్వను మాత్రమే గీకి సూక్ష్మదర్శిని కింద చుక్క వేస్తే, మూడు నిమిషాలకు అక్కడక్కడా సన్నని ఎర్రటి సూదులు కనిపించాయి. సలాజినిక్ అనుకొని సంతోషించాను కానీ, స్టిక్టిక్‌తో పాటు తరచుగా కొద్దిగా ఉండే నార్‌స్టిక్టిక్ ఆమ్లం కూడా అలాంటి సూదులనే ఇస్తుంది. సూదులు అంత తక్కువగా ఉండటం చూస్తే నా మొగ్గు ప్లిట్టియై వైపే.

పక్క బండ మీది పెచ్చులాంటి నారింజ లైకెన్ ఒక్క చుక్కకే ఊదారంగుకు తిరిగింది. అయితే 2013లో ఆ లైకెన్ల కుటుంబాన్ని కొత్త ప్రజాతులుగా విడగొట్టాక, దాన్ని వెనకటిలా కాలోప్లాకా ప్రజాతి అని రాసి ఊరుకోవడానికి లేదు.

అసలు లైకెన్‌కు పెట్టే పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది, శైవలానికి వేరే పేరు ఉంటుంది. ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతపు జాంథోపార్మీలియాల డీఎన్ఏను పరిశీలించినప్పుడు, ఒకే ఆమ్లం ఉన్నవన్నీ ఒకే వంశానివి కావని తేలింది. అందువల్ల ఆమ్లం తేలినా పేరును పెన్సిలుతోనే రాస్తాను.

ఇక మిగిలింది పలుచని పొర క్రోమటోగ్రఫీ, అంటే అందులోని ఆమ్లాలను విడదీసి గుర్తించే పద్ధతి. అందుకు కావలసిన టోలుయీన్ 170, ఎసిటిక్ ఆమ్లం 30 పాళ్ల మిశ్రమం ఇంట్లో వాడదగినది కాదు కనుక, తెలిసిన అధ్యాపకురాలిని కళాశాల ప్రయోగశాలలో చోటు అడిగాను. దానికి వేలిగోరంత ముక్క చాలు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరిగే దాన్ని అంతకుమించి గీకడం నాకు ఇష్టం లేదు. ప్రస్తుతానికి పొట్లం మీద “జాంథోపార్మీలియా, జాతి తేలలేదు, అడుగు గోధుమ, పొటాష్‌తో ఇటుకరంగు” అని రాసి పెట్టాను.