జున్నుకి వేసిన అర మాత్ర

ఆ రాత్రి ఫోన్‌లో "పొద్దున తీసుకురండి" అన్న మా పిల్లి జున్ను డాక్టరుగారిని నేను జనవరి దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు తిట్టుకోవడం లేదు. ఎందుకో ముందే చెప్పడానికి నోరు రావడం లేదు. మెల్లగా వస్తాను.

మాది రాజమండ్రి. వానకి తడుస్తూ మా మెట్ల కింద చేరిన గుప్పెడు పిల్ల జున్ను. మూడేళ్ళలో నాలుగు కిలోల గండుపిల్లి అయ్యాడు. పోయిన ఆగస్టులో ఒక ఆదివారం పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదు. చెవులు కాలిపోతున్నాయి. రాత్రి తొమ్మిదింటికి మా మందుల డబ్బాలోంచి పారాసెటమాల్ 650 తీసి, సగానికి విరిచి, నూరి మీగడలో కలిపి, ఇంకు ఫిల్లర్‌తో నోటి పక్క నుంచి పోశాను. చేదుకి నురగ కక్కాడు. "తగ్గిపోతుంది నాన్నా" అని మూతి తుడిచాను.

పారాసెటమాల్ పిల్లికి విషమని నాకు తెలియదు. ఆ మందుని విరగ్గొట్టి బయటికి పంపడానికి మన లివర్‌లో ఉండే ఎంజైము పిల్లులకి చాలా తక్కువట. మందు లోపలే ఉండి రక్తాన్ని పాడు చేస్తుంది. పాడైన రక్తం ఆక్సిజన్ మోయలేదు. పిల్లిని చంపడానికి ఒక్క మాత్ర చాలు. ఇదంతా తర్వాత చదువుకున్నదే.

పదకొండు దాకా మంచం కింద ఉన్నాడు. ఒంటిగంటకి చూస్తే ముఖం ఉబ్బిపోయి కళ్ళు చిన్నవయ్యాయి. పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. నీళ్ళ గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు, తాగడం లేదు. పై పెదవి ఎత్తాను. రోజూ గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు చింతపండు రసంలా ఉన్నాయి. మావారు టార్చి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాలుగు నంబర్లకి చేస్తే ఒక్కరే ఎత్తారు, ఆ "పొద్దున తీసుకురండి" డాక్టరుగారు. తెల్లవార్లూ ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. నాలుగింటికి ఒకసారి నా బొటనవేలు నాకాడు. గరుకు నాలుక, చల్లగా ఉంది.

ఆరింటికి ఆటోలో తీసుకెళ్ళాం. బల్ల మీద పడుకోబెట్టేసరికి ఇంకా ఊపిరి ఉంది. సిరంజిలోకి వచ్చిన రక్తం కాఫీ డికాక్షన్‌లా ఉంది. చూడగానే డాక్టరుగారు "పారాసెటమాల్ వేశారా?" అన్నారు. తలూపాను. ఇంజెక్షన్ సిద్ధం చేసేలోపే పోయాడు. అక్కడ సాయం చేసే అబ్బాయి బల్ల తుడుస్తూ "చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలా మేడం" అన్నాడు.

పెరట్లో నందివర్ధనం చెట్టు కింద పెట్టాం.

పలకరించడానికి వచ్చిన మా పెద్దత్తయ్యగారు "పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలంటారే" అన్నారు. కాఫీలో పంచదార తక్కువైందని కూడా అదే గొంతుతో అన్నారు. ఆవిడ అంతటితో మర్చిపోయి ఉంటారు. నేను మాత్రం వారం తిరక్కుండా మా వీధిలో కంసాలి దగ్గరికి వెళ్ళాను. "లాకెట్టుకా అమ్మా? ఎన్ని గ్రాముల్లో?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక వచ్చేశాను.

నాకు నిద్ర దూరమైంది. రోజూ సరిగ్గా ఒంటిగంటకి మెలకువ. ముద్ద దిగేది కాదు, రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. నేను పనిచేసే బ్యాంకులో క్యాష్ రెండుసార్లు తేడా వచ్చి జేబులోంచి కట్టాను. ఒక రాత్రి గుండె పట్టేసినట్టయి చేతులు చల్లబడితే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ నార్మల్. ఏం జరిగిందని అడిగితే మావారు చెప్పారు. డ్యూటీ డాక్టరు కుర్రాడు నవ్వాపుకోలేక "పిల్లి కోసమా!" అన్నాడు. అతన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఆఫీసులో ఒకాయన ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్న కథ చెప్పి ఓదార్చబోయాడు. ధర్మరాజు ఆ కుక్కకి మాత్ర వేయలేదు కదండీ అనుకున్నాను.

నవంబరులో ఒక రాత్రి మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ వాళ్ళ 14416కి చేశాను. డబ్బులేం కట్టక్కర్లేదు, రాత్రిపూట కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి అమ్మాయి నవ్వలేదు. "మీ పిల్లి పేరేంటండీ?" అంది. మూడు నెలల్లో వాడి పేరు అడిగిన మొదటి మనిషి. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. సైకియాట్రిస్టుని కలవమని నచ్చజెప్పింది కూడా ఆ అమ్మాయే.

డాక్టరమ్మ మందులు రాసి, ఒక పని చెప్పారు. కాగితం మీద మూడు గడులు గీసి, తొమ్మిదింటికి నాకేం తెలుసో, ఒంటిగంటకి ఏం తెలుసో, ఆరింటికి ఏం తెలుసో రాయమన్నారు. మొదటి గడి త్వరగానే నిండింది: చెవులు వేడిగా ఉన్నాయి, తినలేదు, నాన్నకి జ్వరమొస్తే ఇదే వేసేదాన్ని. ఆరింటి గడీ నిండింది. ఒంటిగంట గడి మూడు వారాలు ఖాళీగా ఉండిపోయింది.

ఎందుకంటే ఆ రాత్రి ఫోన్‌లో డాక్టరుగారు అడిగారు, "ఏమైనా మాత్రలు వేశారా?" అని. నేను "లేదండీ" అన్నాను. అంతకుముందు జున్ను కాలి పుండుకి మా ఇంట్లో ఆయింట్‌మెంట్ రాస్తే ఆయనే గట్టిగా కేకలేశారు. ఆ కేకలు గుర్తొచ్చి అలా అనేశాను. లేదన్నాకే ఆయన పొద్దున రమ్మన్నది.

మావారికి కూడా చెప్పని ఈ ముక్క డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ ఫర్వాలేదు అనలేదు. "అబద్ధం ఆడారు, అది నిజమే. ఆడకపోతే బతికేవాడా అన్నది మీకూ తెలియదు, నాకూ తెలియదు" అన్నారు. ఆ రాత్రి నాలుగింటి దాకా నిద్రపోయాను.

జనవరిలో ఆ పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. చాలాసేపు టేబుల్ మీద పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. "నేనూ రెండోసారి అడగాల్సిందమ్మా. మీ గొంతు తడబడింది, నాకు నిద్రమత్తు" అన్నారు. ఇప్పుడు రాత్రి ఫోన్ వస్తే ఏమైనా వేశారా అని అడగడం మానేసి, పారాసెటమాల్ ఎంత వేశారు అనే మొదలుపెడుతున్నారట.

ఇళ్ళల్లో పిల్లులున్నవాళ్ళూ, దయచేసి మన మాత్రలేవీ వేయకండి. వేసేసి ఉంటే ఏ మాత్ర, ఎంత, ఎన్నింటికి వేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడితే తిట్టనివ్వండి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, మనుషులు ఎక్కువ మింగినా అదే ఇస్తారు, కాకపోతే గంటల్లో పడాలి.

బంగారు పిల్లి సంగతి గుళ్ళో పూజారిగారిని అడిగితే "నాకెందుకమ్మా, ఆకలేసిన పిల్లికి పాలు పొయ్యి" అన్నారు. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవని ఇప్పుడు తెలుసు, అందుకని సందు చివర ఉడికించిన చేప ముక్కలు పెడుతున్నాను. ఇంకా మందులు వాడుతున్నాను, మోతాదు తగ్గించారు.

మొన్న మందుల డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో "పిల్లికి వద్దు" అని రాశాను. మావారు చూసి "ఇంట్లో పిల్లి లేదుగా" అన్నారు. ఉండనీండి అన్నాను.