కట్టు విప్పే వేళ వీఆర్: నా అనుభవం

సంక్రాంతికి సకినాలు కాలుస్తుండగా మూకుడు ఒరిగి, మరిగే నూనె నా ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా పడింది. నల్లగొండలోనే ఒక ఆసుపత్రిలో చికిత్స చేయించుకున్నాను. కాలినప్పటి మంట కంటే, ఆ తర్వాత రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవడమే నాకు పెద్ద గండమైంది. సెలైన్‌తో ఎంత తడిపినా గాజుగుడ్డ అంచు పచ్చి పుండును వదిలేది కాదు. సిస్టర్ పటకారుతో ఆ అంచును అందుకోవడం కంటబడితే చాలు, లాగకముందే భుజం బిగుసుకుపోయేది.

హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు "ఇది పెట్టుకుని చూడు అత్తమ్మా" అంటూ, కళ్లకు పెట్టుకుంటే మరో లోకంలో ఉన్నట్టు చుట్టూ దృశ్యాలు చూపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ తెచ్చాడు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1996లోనే కాలిన గాయాల రోగులతో ఈ ప్రయత్నం ఆరంభించారనీ, వారికోసం మంచు లోయలో సాగుతూ మంచు ముద్దలు విసిరే 'స్నోవరల్డ్' అనే ఆటను తయారు చేయించారనీ అతడు చెప్పగా విన్నాను. మనసు ఒకేసారి పట్టించుకోగలిగేది కొంతే కనుక, అందులో ఎక్కువ భాగాన్ని ఆట లాగేసుకుంటే నొప్పికి తక్కువ మిగులుతుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

డాక్టరుగారు ఫిట్స్, కళ్లు తిరగడం వంటివి ఉన్నాయా అని అడిగి, నొప్పి మాత్ర మాత్రం మానకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. మొదట సముద్రంలో చేపలు తిరిగే వీడియో పెట్టారు. చూడటానికి బాగానే ఉంది కానీ, చెవులు మాత్రం స్టీలు ట్రేలో పటకారు చప్పుడు మీదే ఉండిపోయాయి. గాలిలో ఎగిరే ఆట పెడితే కడుపులో తిప్పింది. చివరికి కదలకుండా కూర్చుని, కుడి చేత్తో గురి చూసి బంతులు విసిరే ఆట, దానికి తోడు చెవులకు హెడ్‌ఫోన్లు కుదిరాయి. ఊరికే చూడటం వేరు, చేతికి పని ఉండటం వేరు అని నాకు అప్పుడే అర్థమైంది.

నొప్పి పోయిందని చెప్పను. మణికట్టు దగ్గర అతుక్కున్న ముక్క ఊడినప్పుడు గట్టిగానే అరిచాను. అయితే పై పొరలు ఎప్పుడు తీశారో నాకు తెలియలేదు, భుజమూ బిగుసుకోలేదు. ఆ ఎదురుచూపు తగ్గడమే నాకు దక్కిన అసలు లాభం.

పుండు మానాక వేళ్లు ముడిచే వ్యాయామానికీ దీన్నే వాడదామనుకున్నాను. చేతిని చూసుకుంటూనే చేయాలని ఫిజియోథెరపిస్టు పట్టుబట్టడంతో, హెడ్‌సెట్‌ను మేనల్లుడికి తిరిగి పంపించేశాను.