ముందు కొనవలసింది నడిమి రాయి

చేతి పనిముట్లతో చెక్కపని కొత్తగా మొదలుపెట్టినవారు ఏ సానరాయి కొనాలని అడిగినప్పుడు, వారి మనసులో సాధారణంగా 8000 గ్రిట్ రాయి ఉంటుంది (గ్రిట్ అంటే రాయి రేణువుల సన్నదనాన్ని చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి సన్నబడుతుంది). అద్దంలా మెరిసే ఉలి అంచును ఎక్కడో చూసి ముచ్చటపడి ఉంటారు. నా అభిప్రాయం వేరు. చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగాన్ని 1000 గ్రిట్ ప్రాంతంలో ఉండే నడిమి రాయి మీద, దాన్ని చదునుగా నిలిపే సాధనం మీద పెట్టాలి. మెరుగు రాయి ఆ తరువాతి సంగతి.

కారణం పదును పుట్టే తీరులోనే ఉంది. ఉలి ఏటవాలు ముఖమూ, దాని వెన్నూ కలుసుకునే గీతే పదును. వాడుతున్నకొద్దీ ఆ గీత అరిగి గుండ్రబడుతుంది. ఆ గుండ్రదనం పూర్తిగా పోయేదాకా లోహాన్ని తీసే పని నడిమి రాయిది. పోయిందో లేదో కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. ఏటవాలును నూరుతుండగా వెన్ను వైపు, అంచు పొడవునా, సన్నని లోహపు పొర ఒకటి మడతపడి నిలుస్తుంది. బొటనవేలిని వెన్ను మీదుగా అంచు బయటికి మెల్లగా జరిపితే అది గరుకుగా తగులుతుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ గరుకు తగిలేవరకు తరువాతి రాయి జోలికి వెళ్లకూడదు. తొందరపడి వెళితే గుండ్రబడిన అంచే నునుపెక్కి మెరుస్తుంది తప్ప చెక్కను కోయదు.

మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ముందుగా కనిపించేది ఒకవైపు ముతకగా, మరోవైపు సన్నగా ఉండే కార్బొరండం రాయి. 1890ల తొలినాళ్లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ తయారుచేసిన సిలికాన్ కార్బైడే దీనికి మూలపదార్థం. ఇది చౌక, లోహాన్ని వేగంగా తీస్తుంది, ద్వారబంధాల పనికి సరిపోతుంది. అయితే సన్నని చిత్రిక పనికి దీని సన్నవైపు కూడా చాలదు. దీని మీద వంటనూనె వాడేవారిని చూస్తుంటాను. ఆ నూనె గాలికి చిక్కబడి, జిగురై, రాయి రంధ్రాలను పూడ్చేస్తుంది కాబట్టి కుట్టుమిషను నూనె లాంటి పలుచని నూనె వాడడం మేలు.

నూనెకు బదులు నీటితో తడిపి వాడే జపాను పద్ధతి నీటిరాళ్లలో రాపిడి రేణువులను పట్టి ఉంచే బంధం మెత్తన. నూరేకొద్దీ పాత రేణువులు రాలి కొత్తవి బయటపడతాయి, అందుకే అవి చురుకుగా కోస్తాయి. అదే గుణం వల్ల నడుమ త్వరగా గుంటపడతాయి. గుంటపడిన రాయి మీద రుద్దిన ఉలి వెన్ను చదును కోల్పోయి ఉబ్బుతుంది, చిత్రిక బ్లేడు అంచు విల్లులా వంగుతుంది. రాయి మీద పెన్సిలుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, మందపాటి గాజుపలకకు అతికించిన 220 నంబరు నీటి కాగితం (తడిపి వాడే సాండ్‌పేపరు) మీద గీతలన్నీ చెరిగేదాకా రుద్దితే చదును తిరిగి వస్తుంది. ముతక డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు రేణువులు అంటించిన లోహపు పలక ఉంటే ఈ పని ఇంకా సులువు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జపాను రాయి మీది 1000, సాండ్‌పేపరు మీది పి1000 ఒకటి కావు. పి1000 రేణువు సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, జపాను 1000 అంతకంటే సన్నం.

డైమండ్ ప్లేటు గుంటపడదు, నానబెట్టే పని లేదు. కొత్తలో ముతకగా కోసి, వాడకంతో నెమ్మదిస్తుంది. ఏ2, డి2 వంటి పనిముట్ల ఉక్కు రకాల్లో క్రోమియం కార్బైడు అనే చాలా గట్టి రేణువులు ఉంటాయి కాబట్టి అలాంటి పనిముట్లు ఉన్నవారికి ఇదే నా సిఫారసు. కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీతో కొట్టించిన ఉలికి అంత అవసరం లేదు, అది ఏ రాయి మీదనైనా చక్కగా నూరుకుంటుంది.

మీరు కోసే చెక్కను బట్టి కూడా ఎంపిక మారుతుంది. టేకులో సిలికా ఉండడం వల్ల అంచు త్వరగా మొద్దుబారుతుంది. టేకు పనిచేసేవారికి పదేపదే నూరక తప్పదు గనుక, తీసి వెంటనే వాడగల వేగమైన నడిమి రాయి ప్రాణం లాంటిది. మెత్తని చెక్కకు పదును తక్కువైనా ఫరవాలేదన్న నమ్మకం మాత్రం తప్పు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి వంటి చెక్కలో నారలు అంచుకు ఎదురు నిలవలేక నలిగిపోతాయి, ముఖ్యంగా అడ్డకోతలో. దాన్ని శుభ్రంగా కోయడానికి టేకుకంటే సన్నని పదును కావాలి, మెరుగు రాయి నిజంగా ఉపయోగపడేది అక్కడే. అప్పుడు కూడా 6000 గ్రిట్ రాయి, ఆపైన ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు పూసిన తోలుపట్టీ ఉంటే చాలా పనులకు సరిపోతుంది.

కొనేముందు రాయి కొలత కూడా చూసుకోండి. సాధారణ చిత్రిక బ్లేడు వెడల్పే రెండు అంగుళాలు ఉంటుంది, అందువల్ల ఎనిమిది అంగుళాల పొడవు, కనీసం రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్న రాయినే తీసుకోవాలి. జేబులో పట్టే చిన్న రాళ్లు కత్తులకు పనికొస్తాయి గాని, వాటి మీద వెడల్పాటి బ్లేడును నిలకడగా నడపడం కష్టం.